కోటీ డెబ్బై లక్షల మంది ఇంగ్లిష్‌వాళ్లు ఎటు పోయారు?

1980 అమెరికా జనాభా లెక్కల్లో తమ మూలాలు ఇంగ్లండ్‌వని చెప్పినవాళ్లు 4 కోట్ల 96 లక్షల మంది. పదేళ్లు తిరిగేసరికి, 1990లో, అదే దేశంలో అదే ప్రశ్న అడిగితే ఆ సంఖ్య 3 కోట్ల 27 లక్షలకు పడిపోయింది. ఈ మధ్యలో మహమ్మారేమీ రాలేదు. ఓడలెక్కి ఎవరూ లండన్‌కు తిరిగి వెళ్లలేదు. 2000 నాటికి ఇంకా తగ్గి 2 కోట్ల 45 లక్షలైంది. పోనీ, ఇంగ్లిష్ మూలాలవాళ్లు మెల్లగా కరిగిపోతున్నారేమో అనుకుంటే, 2020 లెక్కల్లో 4 కోట్ల 66 లక్షల మంది మళ్లీ ప్రత్యక్షమయ్యారు. జర్మన్లను (4 కోట్ల 50 లక్షలు), ఐరిష్‌వాళ్లను (3 కోట్ల 86 లక్షలు) దాటేసి తెల్లవాళ్ల మూలాల్లో మొదటి స్థానంలో కూర్చున్నారు.

ఈ మాయలో పెద్ద వాటా ఫారంలో ప్రశ్న కింద ఉండే ‘ఉదాహరణకు’ అనే ఒక్క వరసది. 1980 ఫారంలో ఆ వరసలో ఇంగ్లిష్ పేరు ఉంది. 1990లో తీసేశారు. మొదటి పేరుగా జర్మన్, రెండో పేరుగా ఇటాలియన్ పెట్టారు. జర్మన్ మూలాలు చెప్పినవాళ్లు 4 కోట్ల 92 లక్షల నుంచి 5 కోట్ల 79 లక్షలకు ఎగబాకారు. 2000లో జర్మన్, ఐరిష్ పేర్లు కూడా ఎగిరిపోయాయి. జర్మన్లు 4 కోట్ల 28 లక్షలకు, ఐరిష్‌వాళ్లు 3 కోట్ల 87 లక్షల నుంచి 3 కోట్ల 5 లక్షలకు దిగారు. 2020లో తెల్లజాతి గడి కింద ఖాళీ స్థలమిచ్చి, ఉదాహరణల్లో జర్మన్, ఐరిష్ పక్కనే ఇంగ్లిష్‌ను కూడా రాశారు. పోయినవాళ్లు తిరిగొచ్చారు.

చిన్న సమూహాల్లో ఈ ఊపు ఇంకా ఎక్కువ. క్రొయేషియన్ అనే పేరు 1990 ఉదాహరణల్లో చోటు సంపాదించింది. 1980లో రెండున్నర లక్షలున్న క్రొయేషియన్లు 1990లో 5 లక్షల 44 వేలయ్యారు. 2000లో ఆ పేరు తీసేస్తే 3 లక్షల 74 వేలకు వచ్చారు. లూసియానాలో స్థిరపడ్డ ఫ్రెంచ్ సంతతి కేజన్‌లది మరీ విచిత్రం. ఉదాహరణల్లో ఉన్న 1990లో 6 లక్షల 68 వేలు, లేని 2000లో లక్ష కూడా లేరు. వాళ్ల ఊళ్లు, వాళ్ల పాటలు, వాళ్ల గంబో పులుసు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కాకపోతే కేజన్ అని రాసుకున్నవాళ్లు పదేళ్ల తర్వాత ఫ్రెంచ్ అనో, అమెరికన్ అనో రాసి ఉంటారు.

అలాగని ఈ లెక్కలన్నీ గాలి కబుర్లని కొట్టిపారేయలేం. పోలిష్ మూలాలవాళ్లు 1990లో 94 లక్షలు, 2000లో 90 లక్షలు. ఇటాలియన్లు 1 కోటీ 47 లక్షల నుంచి 1 కోటీ 56 లక్షలయ్యారు. ఆ రెండు పేర్లూ 1980, 1990, 2000 ఫారాలన్నిటిలోనూ ఉన్నాయన్నది నిజమే, అయినా ఆ నిలకడ అంతా దాని పుణ్యమే కాదు. కొందరి జవాబు చిన్న కదలికకే మారిపోతుంది, కొందరిది మారదు. ఎవరిది మారుతుంది, ఎవరిది మారదు అనేదానికి అమెరికా పటం మీద దాదాపు గీతలు గీయొచ్చు.

ఒక ప్రశ్న, ఐదొందల మంది పూర్వీకులు

నదీమూలం, ఋషిమూలం అడగకూడదంటారు. అమెరికా సెన్సస్ బ్యూరో 1980 నుంచి సామాన్యుల మూలం అడుగుతోంది. అంతకుముందు, 1880 నుంచి 1970 దాకా, తల్లిదండ్రులు ఏ దేశంలో పుట్టారని అడిగేవారు. దానికి జవాబు తెలిసే ఉంటుంది, తెలియకపోతే కాగితాల్లో దొరుకుతుంది. 1980లో మొదలైన ప్రశ్నకు ఆ హద్దు లేదు. ‘ఈ వ్యక్తి వంశమూలం ఏమిటి?’ అని అడిగి, రాసుకోవడానికి కాస్త ఖాళీ ఇచ్చారు. ఎన్ని తరాల వెనక్కి వెళ్లాలి, తండ్రి వైపా తల్లి వైపా, ఎంత రక్తం ఉంటే రాయొచ్చు, ఏదీ చెప్పలేదు. ఎన్ని పేర్లు రాసినా మామూలుగా మొదటి రెండే లెక్కలోకి తీసుకున్నారు. 2000 తర్వాత ఈ ప్రశ్న పదేళ్ల లెక్కల నుంచి ఏటా జరిగే అమెరికన్ కమ్యూనిటీ సర్వేకు మారింది. (ఇక్కడో పిట్టకథ. 1970 లెక్కల్లో అమెరికాలోని భారతీయులను తెల్లవాళ్ల కింద జమకట్టారు. ‘ఏషియన్ ఇండియన్’ అనే గడి వచ్చింది కూడా ఆ 1980లోనే.)

ఇంకో సంగతి. ఇంటిల్లిపాదికీ ఫారం నింపేది ఒక్కరే. భర్త తరఫు ముత్తాతలు ఎవరో భార్య, పిల్లల సంగతి తల్లో తండ్రో రాస్తారు. పిల్లల దగ్గరకొచ్చేసరికి సగం పేర్లు రాలిపోతాయి. తండ్రి ఐరిష్-జర్మన్, తల్లి పోలిష్-ఇంగ్లిష్ అయితే పిల్లవాడికి నాలుగూ రాసే ఓపిక ఎవరికి ఉంటుంది? ఇంటిపేరు ఎటు లాగితే అటే. మన దగ్గర అమ్మమ్మ పుట్టింటి పేరు మూడో తరానికి ఎలా మరుగున పడుతుందో, అక్కడ తల్లి వైపు దేశాలు అలా మరుగున పడతాయి. ఓబ్రయన్ అనే ఇంటిపేరున్నవాడికి పదహారుమంది ముత్తాతల తల్లిదండ్రుల్లో ఒక్కరే ఐర్లండ్‌వారైనా, లోకం అతన్ని ఐరిష్ అనే పిలుస్తుంది. కొన్నాళ్లకు అతనూ అదే అనుకుంటాడు.

కాస్త లెక్క వేద్దాం. 1750లో వచ్చిన కుటుంబం ఒకటి తూర్పు కెంటకీలో ఉందనుకుందాం. తరానికి ముప్పై ఏళ్లు వేసుకుంటే ఇప్పటికి తొమ్మిది తరాలు. తొమ్మిదో తరం వెనక ఒక మనిషికి 512 మంది పూర్వీకుల స్థానాలుంటాయి. కొండల్లో దగ్గరి సంబంధాలు చేసుకున్నారు కాబట్టి వాటిలో కొన్నిట్లో ఒకే మనిషి రెండుసార్లు రావచ్చు. అయినా వందల మంది. వాళ్లలో యార్క్‌షైర్ రైతు, ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్స్టర్ నుంచి వచ్చిన నేతగాడు, రైన్ నది పక్క పల్లె నుంచి వచ్చిన జర్మన్, వేల్స్ బాప్టిస్టు అందరూ ఉంటారు. అక్కడ రెండు పేర్లే రాయమంటే ‘సరైన’ జవాబు ఏది? అతను ‘అమెరికన్’ అని రాస్తే అది తప్పా?

అందుకే కచ్చితత్వం అనే మాటను ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. కొలవడానికి మూడు రకాల తూకాలున్నాయి, మూడూ వేర్వేరు బరువులు చూపిస్తాయి. మొదటిది నిలకడ: అదే మనిషిని మళ్లీ అడిగితే అదే చెబుతాడా? సెన్సస్ బ్యూరో 1971లో, 1972లో అవే ఇళ్లను అడిగి పోల్చింది. మూడింట ఒక వంతు కంటే ఎక్కువ మంది ఏడాది తిరిగేసరికి వేరే మూలం చెప్పారు. ఇంగ్లిష్, స్కాటిష్, వెల్ష్ అని చెప్పినవాళ్లలో అయితే మాట మీద నిలబడింది సగం కంటే కాస్త ఎక్కువ మందే. ఇటాలియన్లు, పోలిష్‌వాళ్లు చాలా మెరుగు. రెండోది రికార్డు: ఓడల ప్రయాణికుల జాబితాలు, చర్చి పుస్తకాలు. మూడోది ఈ మధ్య అందరూ నమ్ముతున్న డీఎన్‌ఏ పరీక్ష.

డీఎన్‌ఏను తిరుగులేని న్యాయమూర్తిలా చూడటం మాత్రం పొరపాటు. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తుంది, ఏ సగం అనేది లాటరీ. ఏడెనిమిది తరాల వెనకటి పూర్వీకుల్లో కొందరి జాడ రక్తంలో అసలు మిగలకపోవచ్చు. రికార్డుల్లో ఉన్న ముత్తవ్వ పరీక్షలో ఉండదు. ఒకే తల్లి బిడ్డలకు కూడా వేర్వేరు శాతాలొస్తాయి. పైగా ఉత్తర ఐరోపావాళ్లు వేల ఏళ్లుగా కలిసిపోయినవాళ్లు. దక్షిణ ఇంగ్లండ్, ఉత్తర ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ మధ్య జన్యుపరంగా గట్టి గోడల్లేవు. అందుకే 23అండ్‌మీ కంపెనీ ‘బ్రిటిష్, ఐరిష్’ అని ఒక మూట, ‘ఫ్రెంచ్, జర్మన్’ అని ఇంకో మూట కట్టింది. ఇంగ్లిష్‌వాడినీ, స్కాట్‌లండ్ నుంచి వెళ్లి అల్స్టర్‌లో స్థిరపడ్డ అల్స్టర్ స్కాట్‌నూ వేరుచేయమంటే ఈ పరీక్షకు చేతకాదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, కంపెనీలు లెక్క కట్టే పద్ధతి మార్చినప్పుడల్లా ఇంటికి కొత్త శాతాలు వస్తుంటాయి.

అయినా లక్షల మందిని కలిపి చూస్తే పనికొచ్చే బొమ్మే వస్తుంది. 2015లో 23అండ్‌మీ శాస్త్రవేత్త కటార్జినా బ్రిక్, సహచరులు కలిసి ప్రచురించిన అధ్యయనం రాష్ట్రాలవారీగా ఆ పని చేసింది.

‘అమెరికన్’ అనే జవాబు పుట్టిన కొండలు

2000 లెక్కల్లో ‘అమెరికన్’ అని మాత్రమే రాసినవాళ్లు 2 కోట్ల 2 లక్షల మంది. పదేళ్ల కిందట 1 కోటీ 24 లక్షలే. కెంటకీలో దాదాపు ఐదుగురిలో ఒకరు ఆ మాట రాశారు. కెంటకీ, టెనెసీ, వెస్ట్ వర్జీనియా, ఆర్కన్సా రాష్ట్రాల్లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన జవాబు అదే. పటం మీద ఈ రాష్ట్రాలను కలిపితే అపలేచియన్ కొండలు, వాటి పడమటి వాలు కనిపిస్తాయి.

ఎందుకు అక్కడే? 18వ శతాబ్దంలో ఫిలడెల్ఫియా రేవులో దిగినవాళ్లు గ్రేట్ వ్యాగన్ రోడ్ అనే బండిబాట పట్టుకొని షెనండోవా లోయ మీదుగా కరొలైనాల దాకా దిగారు. వాళ్లలో అల్స్టర్ నుంచి వచ్చిన ప్రెస్బిటేరియన్ ప్రొటెస్టెంట్లు, ఇంగ్లండ్ ఉత్తర సరిహద్దు జనం, జర్మన్లు ఉన్నారు. ఆ తరవాత తలుపు మూసుకున్నట్టే అయింది. 1880 నుంచి 1914 దాకా లక్షల మంది ఇటాలియన్లు, పోలిష్‌వాళ్లు, యూదులు న్యూయార్క్‌లో దిగుతున్నప్పుడు ఈ కొండల వైపు వచ్చినవాళ్లు బహు తక్కువ. బొగ్గు గనులకు కొందరు వచ్చారు, అంతే. 1910లో నార్త్ కరొలైనా జనాభాలో విదేశాల్లో పుట్టినవాళ్లు ఒక శాతం కూడా లేరు. పక్కింట్లో కొత్తగా వచ్చిన ఇటాలియన్ ఉంటేనే కదా ‘మరి నేనెవర్ని?’ అనే ప్రశ్న పుడుతుంది. చుట్టూ ఉన్నవాళ్లంతా తనలాంటివాళ్లే అయినప్పుడు తాతల ఊరు గుర్తుపెట్టుకోవాల్సిన అవసరమే రాలేదు.

బ్రిక్ అధ్యయనంలో బ్రిటిష్-ఐరిష్ వాటా సగం దాటిన రాష్ట్రాల్లో మిసిసిపి, ఆర్కన్సా, టెనెసీ ఉన్నాయి. సెన్సస్‌లో ‘అమెరికన్’ అనే జవాబు దట్టంగా కనిపించే చోట్లే ఇక్కడా మెరుస్తున్నాయని ఆ పరిశోధకులే గమనించారు. అంటే దేశంలో అత్యంత బ్రిటిష్ ప్రాంతం ఏదో, బ్రిటిష్ అని చెప్పుకోవడం మానేసిన ప్రాంతం కూడా అదే. 1990 నుంచి 2000 దాకా ‘మాయమైన’ ఇంగ్లిష్‌వాళ్లలో చాలామంది ఇక్కడివాళ్లే అయి ఉండాలి. 2020లో పేరు ఎదురుగా కనిపించేసరికి దక్షిణాది కౌంటీల్లో ఇంగ్లిష్ మళ్లీ పైకి తేలింది.

ఇదే కొండల్లో ఇంకో చిక్కుముడి ‘ఐరిష్’. ఏడో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌నే తీసుకోండి. అమ్మానాన్నలు అల్స్టర్‌లోని క్యారిక్‌ఫెర్గస్ ప్రాంతం నుంచి వచ్చారు, ఆయన 1767లో కరొలైనా సరిహద్దులో పుట్టాడు. ఆ కాలంలో అలాంటివాళ్లను ఉత్త ‘ఐరిష్’ అనేవారు. 1845లో ఐర్లండ్‌లో బంగాళదుంప పంట కుళ్లి, కరువు వచ్చి, పేద క్యాథలిక్కులు బోస్టన్, న్యూయార్క్‌లకు వెల్లువలా రాగానే, ముందొచ్చిన ప్రొటెస్టెంట్లు ‘మేం వేరు, మేం స్కాట్స్-ఐరిష్’ అని గీత గీసుకున్నారు. నూట యాభై ఏళ్లకు ఐరిష్ అంటే పబ్బు, పాట, మార్చి 17న సెయింట్ ప్యాట్రిక్ పండగకు ఆకుపచ్చ చొక్కా అయ్యాక ఆ గీత చెరిగిపోయింది. మనవళ్ల మనవళ్లు మళ్లీ ‘ఐరిష్’ అనే రాస్తున్నారు. అమెరికాలో ఐరిష్ మూలాలు చెప్పుకునేవాళ్లలో క్యాథలిక్కుల కంటే ప్రొటెస్టెంట్లే ఎక్కువని 1970ల నాటి సర్వేల్లోనే తేలింది. మసాచుసెట్స్‌లో 2000 నాటికి 22.5 శాతం మంది రాసిన ఐరిష్, టెనెసీలో రాసిన ఐరిష్ స్పెల్లింగు ఒకటే గానీ చరిత్ర ఒకటి కాదు. ఒకటి 1840ల కరువు ఓడ, ఇంకోటి 1720ల నారబట్ట ఓడ.

ఐరిష్ అంకె అంతగా ఎలా పెరిగిందన్నది సామాజిక శాస్త్రవేత్తలను కూడా వేధించింది. 1820 తర్వాత వచ్చింది 45 లక్షల మంది, 1980లో చెప్పుకున్నది 4 కోట్ల మంది. మైకేల్ హౌట్, జాషువా గోల్డ్‌స్టీన్ 1994లో లెక్కలు కట్టి, పిల్లల్ని కనడం ఒక్కదానితోనే ఇంత పెరుగుదల సాధ్యం కాదని తేల్చారు. వేరే జాతులతో పెళ్లిళ్లు, ఆ పెళ్లిళ్ల పిల్లలు నాలుగు మూలాల్లో ఐరిష్‌ను ఏరుకోవడం, ఇవీ కలిశాయి. చెప్పుకుంటే ముచ్చటగా ఉండే మూలం గెలుస్తుంది. ఇంగ్లిష్ మూలానికి పండగ లేదు, ఊరేగింపు లేదు, పడిన కష్టాల కథ లేదు. అది ఓడిపోవడంలో వింతేముంది?

దాచుకున్న జర్మన్లు

మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో పరిస్థితి వేరు. 2000లో విస్కాన్సిన్‌లో 42.6 శాతం, నార్త్ డకోటాలో 43.9 శాతం మంది జర్మన్ అని రాశారు. వచ్చింది ఎక్కువగా 1840ల నుంచి 1890ల మధ్య, చుట్టూ అదే భాష, అదే లూథరన్ లేదా క్యాథలిక్ చర్చి. నాలుగైదు తరాలే అయ్యాయి కాబట్టి అమ్మమ్మ నోట విన్న జర్మన్ ప్రార్థన గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఇక్కడి జవాబులు మొత్తమ్మీద నమ్మదగ్గవే.

కానీ జర్మన్ అని చెప్పుకోవడం భయం పుట్టించిన రోజులూ ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 మేలో, అయోవా గవర్నర్ విలియం హార్డింగ్ బడిలో, చర్చిలో, రైల్లో, ఆఖరికి టెలిఫోన్లో కూడా ఇంగ్లిష్ తప్ప వేరే భాష వద్దని ఫర్మానా జారీ చేశాడు. అంతకు నెల ముందు ఇల్లినాయ్‌లోని కాలిన్స్‌విల్‌లో రాబర్ట్ ప్రేగర్ అనే జర్మన్ వలసదారును గుంపు ఉరితీసింది. సావర్‌క్రౌట్ అనే పులిసిన క్యాబేజీ కూరను ‘లిబర్టీ క్యాబేజీ’ అన్నారు. ష్మిట్‌లు స్మిత్‌లయ్యారు. ముల్లర్‌లు మిల్లర్‌లు కావడం అంతకు వందేళ్లకు పైగా ముందే మొదలైంది. జిమ్మర్‌మన్ అంటే వడ్రంగి కాబట్టి కొందరు తర్జుమా చేసుకొని కార్పెంటర్‌లైపోయారు.

ఈ దాపరికానికి అందరికీ తెలిసిన ఉదాహరణ డొనాల్డ్ ట్రంప్ కుటుంబం. తాత ఫ్రీడ్రిష్ ట్రంప్ 1885లో పదహారేళ్ల వయసులో జర్మనీలోని కాల్‌స్టాట్ అనే ద్రాక్షతోటల ఊరి నుంచి వచ్చాడు. కొడుకు ఫ్రెడ్ మాత్రం ఏళ్ల తరబడి తమది స్వీడన్ అని చెప్పుకున్నాడు. 1987లో మనవడి పేరుతో వచ్చిన పుస్తకంలోనూ తాత స్వీడన్ నుంచి వచ్చాడనే అచ్చయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత న్యూయార్క్‌లో ఇళ్లు అద్దెకిచ్చే వ్యాపారికి యూదు కిరాయిదారుల ముందు జర్మన్ అని చెప్పుకోవడం ఇబ్బంది అనేది కుటుంబం నుంచే వచ్చిన వివరణ. మూడు తరాల్లోనే ఇంత జరిగితే తొమ్మిది తరాల సంగతి చెప్పాలా?

నార్త్ డకోటా జర్మన్లలో ఇంకో మెలిక ఉంది. వాళ్లలో చాలామంది తాతలు జర్మనీ గడ్డే చూడలేదు. కేథరిన్ మహారాణి పిలుపుతోనూ, ఆ తర్వాతా రష్యా వెళ్లి ఒడెస్సా చుట్టుపక్కల, వోల్గా తీరాన వందేళ్లు వ్యవసాయం చేసి, అక్కడి నుంచి డకోటా మైదానాలకు వచ్చారు. పుట్టిన దేశం అడిగితే రష్యా, మాట్లాడే భాష అడిగితే జర్మన్. పోలిష్‌వాళ్లకు ఇదే సమస్య తిరగేసి వచ్చింది. 1918కి ముందు పోలండ్ అనే దేశమే పటం మీద లేదు, కాబట్టి కాగితాల్లో వాళ్లు జర్మనీ, ఆస్ట్రియా, రష్యాల కింద చీలిపోయారు. ఈ గోల భరించలేకే 1910 లెక్కల్లో ఆఖరి నిమిషంలో, ఫారాలు అచ్చయిపోయాక, మాతృభాష ప్రశ్నను చేర్చారు. అందుకే రికార్డులే నిజం, మనిషి నోటిమాట అబద్ధం అనుకోవడానికీ లేదు. స్లొవాకియా పల్లె నుంచి వచ్చిన తాత కాగితంలో హంగేరీ అని ఉంటే, మనవడు రాసిన స్లొవాక్ అనే జవాబే రికార్డు కంటే సరైనది.

లూసియానాలో పేర్లు ఇంకోవైపు మారాయి. 1720ల్లో న్యూ ఆర్లియన్స్ ఎగువన మిసిసిపి నది ఒడ్డున జర్మన్లు స్థిరపడ్డారు. పత్రాలు రాసే గుమాస్తాలు ఫ్రెంచివాళ్లు. జర్మన్‌లో కొమ్మ అని అర్థమొచ్చే ‘ట్స్వైగ్’ ఇంటిపేరు ఫ్రెంచ్‌లో కొమ్మ అనే ‘లాబ్రాంచ్’ అయి కూర్చుంది. ఇప్పుడు ఆ ఇంటిపేరున్నవాళ్లు ఫ్రెంచ్ అని రాసుకుంటే ఎవరు కాదనగలరు? ‘ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల వాసన’ అన్నట్టు, ఇంటిపేరును చూసి వంశం లెక్కగట్టడంలో ఉన్న ప్రమాదం ఇదే.

యూటా సంగతి రెండు మాటల్లో చెప్పొచ్చు. అక్కడ 2000లో 29 శాతం మంది ఇంగ్లిష్ అని రాశారు, ఆ రాష్ట్రంలో అదే మొదటి మూలం. మోర్మన్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు 19వ శతాబ్దంలో ఇంగ్లండ్, డెన్మార్క్‌లలో మతం మార్పించి తీసుకొచ్చిన జనం వాళ్లు. చనిపోయిన పూర్వీకుల తరఫున కూడా బాప్తిస్మం ఇచ్చే ఆచారం ఉంది కాబట్టి వంశవృక్షం రాయడం వాళ్లకు మతధర్మం. 1894లోనే వంశచరిత్ర సంఘం పెట్టుకున్నారు. దేశంలో ఫారం నింపే ముందు నిజంగా కాగితం తీసి చూసుకునే జనం ఎవరైనా ఉంటే వీళ్లే. మిన్నెసోటా నార్వేజియన్లు, రోడ్ ఐలండ్ ఇటాలియన్లు కూడా గట్టి జవాబులే ఇస్తారు గానీ దానికి కారణం మతధర్మం కాదు, దగ్గరితనం. వచ్చి నూరు, నూట ముప్పై ఏళ్లే అయింది.

ఫారంలో కనిపించని ఐరోపా

ఇంతవరకూ తెల్లవాళ్ల మాటే. నిజానికి ఐరోపా మూలం అన్నిటికంటే ఎక్కువగా లెక్కకు రానిది నల్లజాతి అమెరికన్ల దగ్గర. బ్రిక్ అధ్యయనంలో ఆఫ్రికన్ అమెరికన్ల జన్యువుల్లో సగటున 24 శాతం ఐరోపా వాటా తేలింది. అంటే తాతామామ్మలు నలుగురిలో ఒకరితో సమానం. కానీ వాళ్లలో ఇంగ్లిష్ అనో, స్కాటిష్ అనో రాసేవాళ్లు వేళ్ల మీద లెక్కించేంత. దీన్ని తప్పు జవాబు అనడం అన్యాయం. ఆ 24 శాతంలో ఎక్కువ భాగం బానిసత్వ కాలంలో యజమానులు బానిస స్త్రీల మీద చేసిన బలాత్కారాల ఫలం. ఒక్క చుక్క ఆఫ్రికన్ రక్తం ఉన్నా నల్లవాడే అని చట్టం చేసిన దేశంలో ముత్తాత స్కాట్‌లండ్‌వాడని రాసుకునే దారే ఎవరూ ఉంచలేదు.

ఆ గీతకు అవతలి వైపు కూడా మరకలున్నాయి. తెల్లవాళ్లమని చెప్పుకునేవాళ్లలో సగటు ఆఫ్రికన్ వాటా 0.19 శాతమే. కానీ సౌత్ కరొలైనా, లూసియానాల్లో దాదాపు 12 శాతం మంది తెల్లవాళ్లలో ఒక శాతం, ఆపైన ఆఫ్రికన్ మూలం కనిపించింది. ఆ సంగతి చాలా ఇళ్లలో వేరే కథగా మారి ఉంటుంది. దక్షిణాదిలో, ఓక్లహోమాలో ‘మా ముత్తవ్వ చెరోకీ’ (అమెరికా ఆదివాసీ తెగల్లో ఒకటి) అనే మాట అంత ఎక్కువగా వినపడటానికి అదీ ఒక కారణం. 1990లో 87 లక్షల మంది అమెరికన్ ఇండియన్ మూలం ఉందని రాశారు, జాతి ప్రశ్నలో అదే గడి నింపినవాళ్లు 20 లక్షల లోపే. వర్జీనియాలో ఈ మోజుకు చట్టంలోనే చోటు దొరికింది. ఒక్క చుక్క నియమాన్ని బిగించిన 1924 చట్టంలో, పదహారో వంతు వరకు ఇండియన్ రక్తం ఉన్నా తెల్లవాడే అని మినహాయింపు పెట్టారు. ఇండియన్ నాయకుడి కూతురు పోకహాంటస్ వారసులమని గర్వంగా చెప్పుకునే పెద్దింటివాళ్లు నల్లవాళ్ల గడిలో పడకూడదు కదా!

మూలాల లెక్క ఎవరికి ఏం తెచ్చిపెట్టిందో తెలియాలంటే అదే 1924లో వాషింగ్టన్‌లో వచ్చిన ఇంకో చట్టం చూడాలి. వలసలకు దేశాలవారీగా కోటాలు పెట్టారు. అమెరికా తెల్లవాళ్లలో ఏ మూలంవాళ్లు ఎంత శాతమో, ఆ దేశానికి అంత వాటా. అందుకు 1790 నాటి జనాభాను ఇంటిపేర్లను బట్టి విడదీయాల్సి వచ్చింది. 1909లో సెన్సస్ బ్యూరో వేసిన పాత అంచనాలో ఇంగ్లిష్‌వాళ్లు 80 శాతం పైనే. మిల్లర్, స్మిత్, కార్పెంటర్ అందరినీ ఇంగ్లిష్‌లో కలిపేశారు మరి. ఐరిష్, జర్మన్ సంఘాలు గొడవ చేశాక వంశచరిత్ర నిపుణుడు హోవర్డ్ బార్కర్, చరిత్రకారుడు మార్కస్ హాన్సెన్‌తో కలిసి ఆ ఇంటిపేర్లన్నీ మళ్లీ జల్లెడ పట్టి 60 శాతానికి దించాడు. అలా సవరించాక కూడా 1929లో అమలైన కోటాల్లో బ్రిటన్‌కు, ఉత్తర ఐర్లండ్‌కు కలిపి 34 వేల నుంచి 65,721కి పెరిగింది, జర్మనీకి 51 వేల నుంచి 25,957కి, మిగతా ఐర్లండ్ అయిన ఐరిష్ ఫ్రీ స్టేట్‌కు 28 వేల నుంచి 17,853కి తగ్గింది. నూట నలభై ఏళ్ల కిందటి మిల్లర్ ముల్లరా కాదా అనేదాని మీద 1930లో హాంబర్గ్ రేవులో వీసా వస్తుందా రాదా అనేది ఆధారపడింది.

ఇప్పుడు అంత పందెం లేదు. అయినా ఫారం మళ్లీ మారబోతోంది. 2024 మార్చిలో ఖరారైన ప్రభుత్వ ప్రమాణం ప్రకారమైతే తెల్లజాతి కింద ఖాళీతో పాటు ఆరు గడులుంటాయి: ఇంగ్లిష్, జర్మన్, ఐరిష్, ఇటాలియన్, పోలిష్, స్కాటిష్. ఆ ప్రమాణం మారకుండా నిలిస్తే 2030లో స్కాటిష్ అంకె ఒక్కసారిగా ఉబ్బుతుందని జోస్యం చెప్పడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. 2000లో స్కాటిష్ అని రాసినవాళ్లు 49 లక్షలు, స్కాట్స్-ఐరిష్ అని రాసినవాళ్లు 43 లక్షలు. స్కాట్స్-ఐరిష్‌కు గడి లేదు, ‘అమెరికన్’కూ లేదు. తూర్పు కెంటకీలో ఆ 512 మంది పూర్వీకుల మనవడు పెన్ను పట్టుకొని స్కాటిష్ దగ్గర టిక్కు పెడతాడో, ఐరిష్ దగ్గర పెడతాడో, రెండూ వదిలేసి పక్క ఖాళీలో పాత మాటే రాస్తాడో చూడాలి.